గోడకి అవతల పదకొండు నిమిషాలు

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ నోటుపుస్తకం వేరు. ఇందులో లెక్కలు వెయ్యను. లెక్కల పుస్తకాలు పదిహేడు నిండి అట్టపెట్టెలో ఉన్నాయి. వాటివల్ల ఒరిగిందేమిటో ఇప్పుడు అనుభవిస్తున్నాను.

ఎవరికీ చెప్పలేనిది వరసగా రాసుకుంటే చిన్నదవుతుందేమో చూద్దాం.

నా థీసిస్‌లో తప్పుంది.

రాశాక చూస్తే అంత పెద్దగా లేదు. లెమ్మా 4.3, అసలు సిద్ధాంతానికి ఎక్కే ఒక మెట్టు. నూట ముప్పై ఎనిమిది పేజీల్లో పేజీన్నర. థీసిస్ నవంబరులోనే సమర్పించేశాను. తప్పు జనవరి పంతొమ్మిదిన దొరికింది. పట్టించింది మా అమ్మ. ఆ సంగతి అమ్మకి తెలీదు.

అమ్మ ఇడ్లీపిండి రుబ్బి, ఉక్కు కార్ఖానా క్వార్టర్లుండే సెక్టార్లలో ఇళ్లకి వేస్తుంది. ఆదివారాలు నేనూ ఒక సంచీ పట్టుకుని వెళ్తాను. ఆరోజు సెక్టార్ 6 మూల మీద నిలబడి, "నువ్వా పక్కనుంచెల్లు, నానీ పక్కనుంచెల్తాను. అవతల మూలకాడ కలుద్దుం" అంది.

"ఏ దారి దగ్గరమ్మా?"

"ఏటే, నెక్కలు సదివినదానివి! ఎటెల్లినా ఒకటే. ఇది మన కేంపా ఏటి?"

సెక్టార్లలో వీధులన్నీ గళ్లకాగితం మీద గీసినట్టుంటాయి. నేను ఉత్తరంగా నడిచి తూర్పుకి తిరిగాను. అమ్మ తూర్పుగా నడిచి ఉత్తరానికి తిరిగింది. ఒక దశలో మా ఇద్దరి మధ్యా ఎనిమిది వీధులున్నాయి. అవతల మూలకి ఇద్దరం ఒకేసారి చేరాం. "సెప్పినానా!" అని అమ్మ నవ్వింది. నాకు లెమ్మా 4.3 గుర్తొచ్చింది.

నా థీసిస్ అంతా సన్నటి త్రికోణాల గురించి. చదునైన నేల మీద త్రికోణం ఎంత పెద్దదైతే దాని పొట్టలో అంత ఖాళీ ఉంటుంది. హైపర్బోలిక్ లోకంలో అలా కాదు. త్రికోణం ఊరంత పెరిగినా సన్నగానే ఉంటుంది. ఒక భుజం మీద ఎక్కడ నిలబడినా, మిగిలిన రెండిట్లో ఒకటి నాలుగడుగుల్లో దొరుకుతుంది. ముక్కలు ముక్కలుగా అతికించి కట్టిన కొన్ని లోకాలు ఇలా సన్నగానే ఉంటాయని నేను నిరూపించాను. నిరూపించాననుకున్నాను. అందులో ఒకచోట, "ఈ బిందువునుంచి ఆ బిందువుకి అతి దగ్గరి దారి తీసుకుందాం" అని రాశాను, అలాంటి దారి ఒక్కటే ఉంటుందన్నట్టు.

నేను కేంప్-2లో, కార్ఖానా కట్టడానికి వచ్చిన కూలీల బస్తీలో పుట్టాను. మాది బందు గలీ, ఒకే మూతి. మా ఇంటినుంచి దుర్గ్ వెళ్లాలన్నా, ఢిల్లీ వెళ్లాలన్నా, ముందు గలీ పొడుగునా నడిచి బజారు రోడ్డెక్కాలి. దారి ఒకటే. ముప్పై ఏళ్లు అలా నడిచినదానికి, ఒకే పొడవున్న రెండు దారులు మధ్యలో ఎనిమిది వీధుల ఎడంగా పోవచ్చని తట్టలేదు. సెక్టారు పిల్లలెవరూ ఈ తప్పు చెయ్యరు.

పూడ్చవచ్చు. ఒక వారం గట్టిగా కూర్చుంటే పూడ్చవచ్చు.

ఫిబ్రవరి 4

పూడ్చవచ్చు.

ఫిబ్రవరి 12

పూడ్చవచ్చు. అనుకున్న పద్ధతిలో కాదు, ఇంకో పద్ధతిలో.

ఫిబ్రవరి 23, ఆదివారం

అమ్మతో సెక్టార్లకి వెళ్లలేదు. తలనొప్పి అన్నాను. ఆదివారం ఆదివారం వచ్చే తలనొప్పికి అమ్మ అమృతాంజనం తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లింది.

పొద్దుటినుంచీ గోడ చూస్తూ కూర్చున్నాను. ఈ గది ఒకప్పుడు దొడ్డి వసారా. ఇప్పుడు గోడ ఉన్నచోట దొడ్డి తలుపుండేది. తలుపు తీస్తే రజనీ వాళ్ల దొడ్డి. మా ఇల్లూ వాళ్ల ఇల్లూ వీపులు ఆనించుకుని కూర్చున్నట్టుంటాయి. వాళ్లదీ బందు గలీయే, కాకపోతే అటు నాలా రోడ్డు వైపు తెరుచుకుంటుంది. రజనీకుమారి, నేనూ ఒకే ఏడు పుట్టాం. చిన్నప్పుడు ఎవరి ఇంట్లో ఆకలేస్తే వాళ్ల ఇంట్లో తినేవాళ్లం. దానికి పెళ్లయింది గాని మొగుడు ఇల్లరికం వచ్చాడు కాబట్టి గోడ అవతలే ఉంది. రోజంతా దాని కుట్టుమిషను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

మూడేళ్ల క్రితం దీపావళికి నాన్న ఆ తలుపు పీకేసి, ఇటికలు పేర్చి, సున్నం కొట్టి, "ఇదమ్మా నీ గది. ఎవులూ డిస్టర్బ్ సెయ్యరు" అన్నాడు. అప్పటినుంచీ రజనీ ఇల్లు నాలుగంగుళాల దూరంలో ఉంది. నడిస్తే పదకొండు నిమిషాలు. నా సబ్జెక్టులో నడిచేదే దూరం. గోడలోంచి కొలిచేది లెక్కలోకి రాదు. మొదట్లో వారానికోసారి వెళ్లేదాన్ని. తరవాత పండక్కి. పోయినేడు వెళ్లానా?

ఇంకో సంగతి కూడా రాసుకోవాలి, ఎందుకంటే అసలు మెడకి చుట్టుకున్నది అదే.

వైశాఖం మొదట్లో మా కేంపులో అమ్మవారి ఘటం తిరుగుతుంది. ఘటం వెళ్లిన దారినే వెనక్కి రాకూడదు. వస్తే అమ్మవారు అలిగి మళ్లిపోయినట్టు. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దలు ఇనుపపెట్టెలతోపాటు తెచ్చుకున్న ఆనవాయితీ. మరి బందు గలీలోకి వెళ్లిన ఘటం బయటికి ఎలా వస్తుంది? మా ఇంట్లోంచి. మా వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చి, దొడ్డి తలుపులోంచి రజనీ వాళ్ల దొడ్డిలోకి, వాళ్ల వీధి గుమ్మం దాటి నాలా రోడ్డుకి. ఏడాదికి ఆ ఒక్కరోజు రెండిళ్ల తలుపులూ బార్లా తీసి ఉండేవి.

తలుపు పోయాక ఘటం గలీ మూతిదాకా వచ్చి ఆగిపోతోంది. మూడు పండుగలయింది. కమిటీ వాళ్లు అడిగితే నాన్న, "మొక్కుకున్నాను. పిల్ల డాక్టరయినాక నా సేత్తో గోడ పగలగొట్టి తల్లిని తెస్తాను" అన్నాడు. మొక్కు అన్నాక ఎవరూ నోరెత్తలేదు. గలీలో నలభై ఇళ్లు నా థీసిస్ కోసం కాచుకుని ఉన్నాయి. పాలవాడు కూడా, "దీదీ, చాప్టర్ ఎంతవరకొచ్చింది?" అని అడుగుతాడు.

తలనొప్పి నిజంగానే వచ్చింది.

మార్చి 8, శనివారం

వందన మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ నా గైడు. సెక్టార్ 9లో ఇంజినీరుగారి అమ్మాయిగా పుట్టి, అక్కడే పెరిగి, యూనివర్సిటీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది. జూన్‌లో రిటైరవుతోంది. నేను ఆవిడ ఆఖరి విద్యార్థిని.

"పరీక్షకుల రిపోర్టులు రెండూ వచ్చేశాయి సత్యా! రెండోవారైతే నాలుగో అధ్యాయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. వైవా ఏప్రిల్ ఇరవై అయిదు. నువ్వేం మాట్లాడవేంటి?"

"థాంక్యూ మేడమ్."

"ఏడుస్తున్నావా, పిచ్చిపిల్లా?"

అవునన్నాను. తేలు కుట్టిన దొంగకి ఏడవడానికి కూడా ఇంకొకరు కారణం అందించాలి.

మార్చి 9

ఇద్దరు పరీక్షకులు. ఇద్దరూ నాకంటే పెద్దవాళ్లు, తెలివైనవాళ్లు. వాళ్లకి కనపడలేదంటే తప్పు కాదేమో.

మార్చి 10

తప్పే.

మార్చి 30, ఉగాది

తాతబ్బాయి మావయ్య వచ్చాడు. పండగ కమిటీకి ఆయనే పెద్ద. పచ్చడి గిన్నె అందుకుని ఒక చెంచా నోట్లో వేసుకుని, కమిటీ తీర్మానం చదివినట్టు చెప్పాడు.

"ఇరవై అయిదు నీ పరీచ్చ. ఇరవైతొమ్మిది మంగళవారం ఘటం. సూసినావా, తల్లే కలిపింది! ఈసారి డప్పులు పర్లాకిమిడి నుంచి పిలిపిస్తన్నాం. నరసింగరావూ, గోడ తియ్యడం పక్కా కదా?"

నాన్న తల ఊపాడు. నోట్లో పచ్చడి ఉందని ఊపాడో, పక్కా అని ఊపాడో తెలీదు.

"పరీక్ష పాసవాలి కదా మావయ్యా, ముందు" అన్నాను.

"నువ్వు ఫెయిలవడమేటే! ఎప్పుడైనా అయినావా?"

లేదు. అదే వచ్చిన చిక్కు.

ఏప్రిల్ 2

గలీ మూతికి అడ్డంగా ఫ్లెక్సీ కట్టారు. "మన గలీ ముద్దుబిడ్డ డా. పొట్నూరు సత్యశ్రీకి హార్దిక శుభాకాంక్షలు." కింద హిందీలో కూడా. నా ఫొటో పక్కన అమ్మవారి ఫొటో, ఇద్దరం ఒకే సైజులో. 'డా.' ఎర్రరంగు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

బయటికి ఒకటే దారి. ఆ ఫ్లెక్సీ కిందనుంచే.

ఏప్రిల్ 9

దుర్గ్‌లో కాలేజీలో పాఠం చెప్పి వచ్చాను. గెస్టు లెక్చరర్‌ని. ప్రిన్సిపాల్‌గారు స్టాఫురూములో నన్ను 'డాక్టర్ సాహిబా' అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చున్నీ సర్దుకున్నాను. ఈ మూడు నెలల్లో చున్నీ సర్దుకోవడంలో డాక్టరేట్ సంపాదించాను.

పిల్లలకి చెప్పింది సిలబస్‌లో లేనిది. నోరు ఆగక చెప్పాను. హైపర్బోలిక్ లోకంలో అతి దగ్గరి దారిని వదిలి పక్కనుంచి పోవాలని చూస్తే ఏమవుతుందో చెప్పాను. ఆ దారికి ఒక అడుగు ఎడంగా నడిస్తే కొంచెం ఎక్కువ నడవాలి. రెండడుగులు ఎడమైతే దానికి కొన్ని రెట్లు. పదడుగులు ఎడమైతే జన్మ చాలదు. ఎడం మామూలుగానే పెరుగుతుంది, నడక మాత్రం రెట్లు రెట్లుగా పెరుగుతుంది. "మరి అలా వెళ్లినవాళ్లు ఏం చెయ్యాలి మేడమ్?" అని ఒక పిల్ల అడిగింది. "వచ్చిన దారినే వెనక్కి రావాలి" అన్నాను. బెల్లు కొట్టారు.

జనవరిలో చెప్పి ఉంటే మేడమ్ ఒక్కర్తికి చెబితే సరిపోయేది. మార్చిలో అయితే మేడమ్‌కీ, ఇద్దరు పరీక్షకులకీ. ఇప్పుడు నలభై ఇళ్లకీ, కాలేజీకీ, పర్లాకిమిడి డప్పులకీ చెప్పాలి.

నాకు భయంగా ఉంది. రాసేశాను. భయంగా ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

నాన్నకి చెప్పాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక వసారాలో కూర్చుని కాలి గోళ్లు తీసుకుంటున్నాడు. నాన్న హథ్‌ఖోజ్‌లో ఒక షెడ్డులో గ్యాస్‌కట్టరు. ఇనపరేకులు కోస్తాడు. గీత మీదనుంచి రెండు మిల్లీమీటర్లు తప్పితే తనే పక్కన పారేసి, సూపర్‌వైజరు చేత తిట్లు తిని, మళ్లీ కోస్తాడని ఆయనకి పేరు. అందుకే నాన్నకి చెబితే దారి దొరుకుతుందనుకున్నాను.

"కటింగ్ తప్పినాదా?" అన్నాడు అంతా విని.

"తప్పింది నాన్నా."

"ఎవులు సూసినారు?"

"ఎవరూ చూడలేదు."

"తప్పుంటే ఏటవుతాది? ఏదైనా కూలిపోతాదా? ఎవులి మీదైనా పడతాదా?"

"ఏమీ కూలదు. లెక్కే కదా."

నాన్న బ్లేడు తుడిచి కాగితంలో మడిచాడు. నా వంక చూడలేదు.

"ఐతే ఊరుకో. పన్నెండు రోజులు. నోరు మూసుకుని కూకో అమ్మా, నా తల్లివి కదూ. అది అయిపోనాక నువ్వెలాగంటే అలాగ."

"నాన్నా, నువ్వేనా ఈ మాట అనేది?"

"నానే. నాకూ కొన్నుంతాయి" అని లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఒక కాలి గోళ్లు అలాగే ఉండిపోయాయి.

ఏప్రిల్ 14

నాన్నే ఊరుకోమన్నాడు. ఊరుకుంటున్నాను.

ఏప్రిల్ 15

నాన్నే ఊరుకోమన్నాడు. ఇప్పుడు తప్పులో సగం నాన్నది.

ఇది రాసింది నేనేనా? కొట్టెయ్యను. ఉండనీ.

ఏప్రిల్ 18, శుక్రవారం

కాలేజీకి సెలవు. వైవాకి స్లైడ్లు చేస్తున్నాను. లెమ్మా 4.3 స్లైడు మాత్రం ఖాళీగా ఉంది.

గోడ మీద రెండు దెబ్బలు వినిపించాయి. చిన్నప్పుడు ఒకటి కొడితే 'ఉన్నావా', రెండు కొడితే 'రా'. మూడేళ్లలో ఎప్పుడూ కొట్టలేదు. నేను స్కేలుతో ఒకటి కొట్టాను.

"ఏటే సత్తీ, బతికే ఉన్నావా?" రజనీ గొంతు సన్నగా, ఇటికల్లోంచి వడగట్టినట్టు వచ్చింది. "ఇరవైతొమ్మిదికి నీ బ్లౌజు కుట్టాలా, వద్దా? కొలతలు పాతవే ఉన్నాయి. చిక్కినావా, లావయినావా?"

"తెలీదే."

"రోనా ధోనా ఏటి? ఏడిసినావా? గొంతు అలాగుంది?"

మొహం కనపడదు కాబట్టి చెప్పేశాను. మొత్తం చెప్పాను. సెక్టార్ మూల దగ్గర్నుంచి నాన్న గోళ్ల దాకా. గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి మూడేళ్లుగా నేను తప్ప దిక్కులేదు, పాపం వింది. మిషను ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

"జనవరిలో."

"మూడు నెల్లూ ఆ గదిలో ఏటి సేసినావే మరి?"

"పూడుస్తున్నాను."

"పూడినాదా?"

"లేదు."

"ఐతే సెప్పీ. బస్."

"నీకేం, అంటావు. చెబితే డాక్టర్ని అవను. అవకపోతే నాన్న మొక్కు తీరదు, గోడ తియ్యడు. ఈ ఏడు కూడా ఘటం మా గలీకి రాదు. నలభై ఇళ్లవాళ్లు..."

"మాకూ రాదు" అంది రజనీ.

"ఏమిటి?"

"ఏటేటి? మీ ఇంట్లోంచి రాకపోతే మా గలీకి ఎక్కణ్నుంచి వస్తాది, ఆకాశంలోంచా? మూడేళ్లయినాది మా గలీలో ఘటం దిగి. మా అమ్మ ఏడాదేడాదీ దొడ్లో ఈ గోడకే పసుపు రాసి దణ్నం పెట్టుకుంతాది."

స్కేలు బల్ల మీద పెట్టి గోడకి దగ్గరగా జరిగాను.

"నువ్వెప్పుడూ అనలేదే రజనీ."

"నువ్వెప్పుడు అడిగినావు యార్? మా నాన్న ఆ ఏడే మీ నాన్నని అడిగినాడు. మొక్కన్నాడు. మొక్కంటే ఇంకేటంతాం? మా సత్తి సదువుకుంతంది కదా అని మేవూ ఊరుకున్నాం."

మళ్లీ మిషను చప్పుడు మొదలైంది. నేను గోడ పక్కనే నేలమీద కూర్చుండిపోయాను.

మూడేళ్లు ఈ గోడని ఇటునుంచే చూశాను. నా గలీ, నా నలభై ఇళ్లు, నా డాక్టరేట్. ఘటం ఎటు వస్తుందో ఈ పుస్తకంలోనే నా చేత్తో రాశాను: వాళ్ల దొడ్డిలోకి, వాళ్ల గుమ్మం దాటి, నాలా రోడ్డుకి. రాసి కూడా చూడలేదు. లెమ్మాలో చేసిన తప్పే ఇక్కడా చేశాను, రెండో దారి ఉందని మర్చిపోయాను. లెమ్మా వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడ ఒక పెద్దావిడ గోడకి దణ్నం పెట్టుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం

అమ్మతో వెళ్లాను. పిండి వేశాక సంచీ అమ్మకిచ్చి, సెక్టార్ 9లో మేడమ్ ఇంటికి నడిచాను. లెమ్మా 4.3 ముందు పెట్టి, పక్కన గళ్లకాగితం మీద రెండు దారులు గీశాను. ఒకటి అమ్మది, ఒకటి నాది.

ఆవిడకి అర నిమిషం పట్టింది. కళ్లజోడు తీసేసింది.

"ఎప్పుడు తెలిసింది?"

అందరూ ఇదే అడుగుతారు. "జనవరి పంతొమ్మిది."

"మార్చి ఎనిమిదిన నేను ఫోన్ చేసినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు మేడమ్."

"నువ్వు ఏడిస్తే సంతోషమనుకున్నాను."

ఆవిడ కాగితం తీసుకుని గళ్ల మీద ఇంకో దారి గీసింది. ఇంకోటి, ఇంకోటి. అన్నీ ఒకే పొడవు. "ఈ వీధుల్లోనే సైకిల్ నేర్చుకున్నాను నేను. నీ నాలుగో అధ్యాయం నాలుగుసార్లు చదివాను. నువ్వు చూడకపోతే నేను చూడాలి కదా" అంది. నన్ను తిడితే బాగుండేది.

"వైవా ఆపమని ఇవాళే రాస్తాను. గళ్లు లేనిచోట నీ సిద్ధాంతం నిలబడుతుంది, కానీ అది అందరికీ తెలిసిందే. కొత్తగా ఏదైనా మిగలాలంటే రెండేళ్లు. అప్పటికి నేను సర్వీసులో ఉండను, కాగితం మీద వేరే గైడు పేరు వస్తుంది."

"మీరు చూడరా మేడమ్?"

ఆవిడ గళ్లకాగితం మడిచి నా చేతికిచ్చింది. "ఆదివారాలు రా" అంది చివరికి.

ఎప్పుడు వెళ్లినా ముందు టీ ఇచ్చేది. ఇవాళ ఇవ్వలేదు.

ఏప్రిల్ 21

నాన్నకి చెప్పాను. వైవా ఆగిపోయిందన్నాను. నాన్న చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. టిఫిన్ డబ్బా మర్చిపోయాడు.

ఏప్రిల్ 22

మాట్లాడలేదు.

ఏప్రిల్ 23

మాట్లాడలేదు. అమ్మ రెండువైపులా వార్తలు చేరవేస్తోంది. "కూరలో ఉప్పు తక్కువయినాదంట." "ఎక్కువే వేశానని చెప్పమ్మా."

ఏప్రిల్ 25, శుక్రవారం

పదకొండు గంటలకి వైవా అవ్వాలి. పదకొండు గంటలకి పెసరపప్పు ఏరుతున్నాను. ఫ్లెక్సీ అలాగే ఉంది. దాన్ని విప్పమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, నాతో సహా.

ఏప్రిల్ 27, ఆదివారం

పొద్దున్నే నాన్న గదిలోకి వచ్చాడు. ఈ గది కట్టినవాడే అయినా గుమ్మం దాటి లోపలికి ఎప్పుడూ రాడు. పుస్తకాలకి కాలు తగులుతుందని భయం. ఇవాళ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. గోడకేసి చూస్తూ మాట్లాడాడు.

"మొక్కు నేదు."

"ఏమిటి నాన్నా?"

"మొక్కూ నేదు, గిక్కూ నేదు. గది కట్టీసినాక నెల్లాళ్లకి రజనీ వాళ్ల నాన్న వొచ్చి అడిగినాడు. 'తలుపు మూసీసినావు, ఘటం ఎలాగరా?' అని. నాకు ఘటం సంగతే గేపకం నేదు. నీకు గది కట్టాలన్న ఊపులో మర్సిపోనాను. మర్సిపోనానని సెప్పడానికి సిగ్గేసినాది. నోటికొచ్చినాది అనీసినాను, మొక్కని."

నేను మంచం అంచు మీద కూర్చున్నాను.

"తరవాత సెప్దాం అనుకున్నాను. ఒక పండగ పోనాది. రెండో పండగకి ఇంకా కష్టమైపోనాది. తల్లి పేరు మీద అబద్ధం ఆడినాను, ఎలాగ సెప్తాను? నువ్వు డాక్టరయిపోతే ఆ అబద్ధం నిజమైపోతాదని కాసుకుని కూకున్నాను. అందుకే నిన్ను ఊరుకోమన్నాను." అప్పుడు నా వంక తిరిగాడు. "నువ్వు మూడు నెల్లు మోసినావు. నాది మూడేళ్లు. నువ్వే నయం."

నాన్న ఏడుస్తాడని నాకు తెలీదు. చెయ్యి పట్టుకున్నాను. గ్యాస్ మంట మచ్చలతో గరుకుగా ఉంది. ఇద్దరం అలాగే కూర్చున్నాం. అమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి, ఏమీ అడగకుండా, "కాఫీ ఎట్టమంటారా?" అంది.

ఏప్రిల్ 28

రజనీ గోడ మీద రెండు కొట్టి చెప్పింది. నాన్న డ్యూటీకి వెళ్లకుండా గలీ మూతి దాటి, బజారు రోడ్డు చుట్టి, నాలా రోడ్డు మీదుగా వాళ్ల ముందు గుమ్మంలోకి వెళ్లాడట. పదకొండు నిమిషాలు. వాళ్ల అమ్మ ముందు నిలబడి, మొక్కు లేదని చెప్పాడట.

"మీ అమ్మ ఏమంది?"

"ఏటంటాది? 'మూడేళ్లు ఉత్త గోడకి పసుపు రాసినాన్రా, నా పసుపు డబ్బాలు ఇచ్చీ' అంది. మీ నాన్న నిజంగానే కొనుక్కొచ్చినాడే, పాగల్!"

అక్కణ్నుంచి తాతబ్బాయి మావయ్య దగ్గరికి వెళ్లాడట. అక్కడ ఏం జరిగిందో నాన్న చెప్పలేదు. చెవులు మాత్రం సాయంత్రం దాకా ఎర్రగా ఉన్నాయి.

ఏప్రిల్ 29, మంగళవారం

నాన్న తెల్లవారగానే నిచ్చెన వేసుకుని గలీ మూతి దగ్గర ఫ్లెక్సీ దాకా ఎక్కాడు. పీకేస్తాడనుకున్నాను. స్కేలు పెట్టి, బ్లేడుతో 'డా.' ఒక్కటే కోసి తీశాడు. నాలుగు అంచులూ గీసినట్టున్నాయి, ఎక్కడా రెండు మిల్లీమీటర్లు తప్పలేదు. నా పేరు ముందు చదరంగా ఆకాశం కనిపిస్తోంది. గలీ అంతా బయటికి వచ్చి చూసింది. నేనూ చూశాను, తల దించుకోకుండా. పాలవాడు, "దీదీ, చాప్టర్?" అన్నాడు. "మళ్లీ మొదటినుంచి" అన్నాను. "అరె బాప్ రే" అని సైకిలెక్కాడు.

తరవాత నాన్న సుత్తీ, ఉలీ తెచ్చాడు. బల్లా, మంచం, పెట్టే వీధివసారాలోకి మోశాం. అవతలినుంచి రజనీ మొగుడు గునపం వేశాడు. మొదటి ఇటిక అటు పడింది. కన్నంలోంచి రజనీ కన్ను కనపడింది.

"చిక్కినావే" అంది. "బ్లౌజు వదులవుతాది."

పది గంటలకి డప్పులు గలీ మూతి దగ్గరికి వచ్చాయి. మూడేళ్లుగా అక్కడే ఆగిపోయే చప్పుడు ఇవాళ ఆగలేదు. దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. ఘటం మా అమ్మ నెత్తిమీద ఉంది. నీళ్లు పోసిన గుమ్మం దాటి, ముందుగది దాటి, నేను నాలుగో అధ్యాయం రాసిన చోటు మీదుగా, ఇంకా సున్నం రాలుతున్న గోడకన్నంలోంచి అవతలికి వెళ్లింది. కన్నం పొట్టిది. అమ్మ మోకాళ్లు వంచింది. ఘటం మీద వేపాకు ఒక్కటీ రాలలేదు. అవతల పెద్దావిడ దణ్నం పెట్టుకుంటూ ఏడ్చింది. నేను రజనీ వాళ్ల దొడ్లోకి వెళ్లాను. మూడడుగులు.

సాయంత్రం నాన్నా, నేనూ ఇటికముక్కలు ఏరుతున్నాం.

"మేడము ఎన్నేళ్లందన్నావు?"

"రెండు."

"గది మళ్లీ కట్టమంటావా? ఈసారి అడిగే కడతాను."

"వద్దు నాన్నా."

"ఐతే తలుపు తీసే సదువుకో. గోల ఉంతాది మరి."

"ఉండనీ" అన్నాను. బల్ల లోపలికి తెచ్చి, కొత్త కాగితం తీసి, "రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారులు ఒకటికంటే ఎక్కువ ఉండవచ్చు" అని రాసి, నీళ్లు తాగి వచ్చేసరికి రజనీ వాళ్ల కోడి నా కుర్చీలో కూర్చుని ఉంది.